రానివారి ప్రతినిధి సభ

ప్రజాస్వామ్యం గ్రీసు దేశంలో పుట్టిందని పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి నేనే (చరిత్ర, రెండు పీరియడ్లు, ఆ రోజు వాన పడకపోతే). అయితే అక్కడ అది పుట్టింది, అంతే. పెరిగి పెద్దదై, ఉద్యోగంలో చేరి, సర్వీసు పూర్తిచేసుకుని, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నది మాత్రం మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, మా మహావిద్యాలయంలో. ఈ సంగతి లోకానికి తెలియకపోవడానికి కారణం, మా దగ్గర టైపిస్టు పోస్టు ఖాళీగా ఉండటమే.

మమ్మల్ని ఎవరూ పాలించరు. మమ్మల్ని మేమే పాలించుకుంటాం. అందుకోసం అధ్యాపక ప్రతినిధి సభ ఒకటి ఉంది. తొమ్మిదిమంది సభ్యులు, ఒక ఇత్తడి గంట, ఒక రిజిస్టరు. 1978లో మా పెద్దలు పదకొండు రోజులు సమ్మె చేసి సాధించుకున్న హక్కు ఇది. దాని నియమావళిలో నాలుగో నియమం తలమానికం: ప్రతినిధి సభ తీర్మానం లేనిదే యాజమాన్యం ఏ తాత్కాలిక అధ్యాపకుణ్ణీ పర్మనెంటు చేయరాదు. పాపం తాత్కాలికులు యాజమాన్యం దయాదాక్షిణ్యాలమీద బతకకూడదని పెట్టిన నియమమది. 1985 తర్వాత మా కళాశాలలో ఒక్కరు కూడా పర్మనెంటు కాలేదు. అంత గట్టిగా కాపాడుకుంటూ వచ్చాం.

1985లో ఏం జరిగిందో చెప్పాలి. అంతకుముందు ఎన్నికల్లో పోటీ ఉండేది, పోటీలో మాటామాటా పెరిగి కుర్చీలు లేచేవి. ఆ ఏడు ఒక పెద్దమనిషి చక్కని మార్గం కనిపెట్టాడు. హాజరైనవాడి పేరు ప్రతిపాదిస్తే వాడు లేచి "నాకు బీపీ", "మా ఇంట్లో పెళ్ళి" అని అడ్డుపడతాడు. రానివాడికి ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఏటా జులై మూడో శనివారం సర్వసభ్య సమావేశంలో హాజరు తీసుకుని, ఎవరు రాలేదో చూసి, వాళ్ళ పేర్లు ప్రతిపాదించి, చప్పట్లు కొట్టి, చాయ్ తాగి ఇళ్ళకు వెళ్తాం. అప్పటినుంచి ప్రతి ఎన్నికా ఏకగ్రీవమే. ఈ పద్ధతివల్ల ఒకే ఒక చిన్న ఇబ్బంది కలిగింది. మీటింగులకు రాని మనుషులంతా ఏరికోరి ఒకే సభలో చేరారు.

నేను మాత్రం మినహాయింపు. ఆ శనివారం నేను వచ్చాను. మధ్యలో మూత్రశాలకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కార్యదర్శినైపోయాను. అది జరిగి ఆరేళ్ళు; కార్యదర్శిని మార్చాలన్నా ప్రతినిధి సభ తీర్మానమే కావాలి.

సభ ప్రతినెలా ఆఖరి పనిదినాన పదకొండు గంటలకు మొదలవుతుంది. మా సీనియర్ ప్యూను కనకరాజు గంట కొడతాడు. నేను కూర్చుంటాను. కోరం ఐదుగురు. అరగంట చూసి, "కోరం లేనందున వాయిదా" అని రాసి లేస్తాను. వాయిదా పడిన సభకు కోరం అక్కర్లేదని మామూలు సంస్థల్లో ఉంటుంది. మాది ఆత్మగౌరవం గల సంస్థ. వాయిదా పడితే రెట్టింపు కోరం కావాలని రాసుకున్నాం. అంటే తొమ్మిదిమందిలో పదిమంది రావాలి. ఇందులో కొంత కష్టం ఉందని తర్వాత తెలిసింది. సవరిద్దామంటే సర్వసభ్య సమావేశంలో మూడొంతుల హాజరుండాలి. మా అధ్యాపకులు అంతమంది ఒకచోట చేరింది పాత ప్రిన్సిపాల్‌గారి దహనానికి ఒక్కసారే. ఆ పూట సవరణ ప్రస్తావించడం బాగుండదని ఊరుకున్నాను.

ఇలా చల్లగా సాగిపోతున్న స్వపరిపాలనలోకి 1994 ఆగస్టులో కమలాక్షిగారు వచ్చిపడ్డారు.

కమలాక్షిగారు వృక్షశాస్త్రం చెబుతారు. ఆరేళ్ళుగా గంటల లెక్కన. అంటే ఆవిడ ఉద్యోగం ఉదయం పదింటికి పుట్టి సాయంత్రం నాలుగింటికి పోతుంది, మర్నాడు మళ్ళీ పుడుతుంది. అవి దేశం తలుపులన్నీ బార్లా తెరిచిన రోజులు. గాంధీ చౌక్‌లో కిరాణా కొట్లన్నీ ఎస్టీడీ బూతులైపోయాయి. మా యాజమాన్యానికి కూడా ఏదో ఒక తలుపు తెరవాలనిపించి, వృక్షశాస్త్రం ల్యాబు తలుపు తెరిచారు. సీసాల్లోని నాచు పారబోసి, ఏసీ బిగించి, చెప్పులు బయట విడిచి వెళ్ళే కంప్యూటర్ సెంటర్ పెట్టాలని నిశ్చయించారు. అడ్డు ఒక్కటే. సర్కారు మంజూరు చేసిన వృక్షశాస్త్రం పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఆగస్టు ముప్పై ఒకటిలోగా అందులో ఎవరినీ వేయకపోతే అది రద్దవుతుంది. పోస్టు పోతే ల్యాబు పోతుంది. ల్యాబు పోతే కమలాక్షిగారికి ఆ గంటలు కూడా ఉండవు.

ముప్పయ్యో తారీఖున ఆవిడ నియమావళి పుస్తకం చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"సార్, పదకొండో నియమం సదివిన్రా?"

"దాన్ని ఫెయిర్ కాపీ చేసింది నేనే కదమ్మా."

"రాసిన్రు, సరే. సదివిన్రా అని అడుగుతున్న."

చదివాను, అప్పుడు. సభాస్థలం అనుకూలంగా లేనప్పుడు, సభను వాయిదా వేయకుండానే కార్యదర్శి దానిని సభ్యులకు అనువైన మరో చోటికి మార్చవచ్చును. హాలు కురిసిన ఏడాది రాసుకున్న నియమం. ఎంత దూరం మార్చవచ్చో రాయలేదు, ఎన్నిసార్లు మార్చవచ్చో రాయలేదు. ఆవిడ పేజీ తిప్పి ఏడో నియమంమీద వేలు పెట్టారు. ఒకసారి సంతకం చేసిన సభ్యుడు సభ ముగిసేవరకు అందులో ఉన్నట్టే లెక్క. సంతకం గీకి చాయ్‌కి జారుకునే పెద్దల మర్యాద కాపాడటానికి పెట్టింది అది.

"సభ్యులు సభకు రారు గద సార్. సభనే సభ్యుల కాడికి పోతే ఏమైతది?"

ఆరేళ్ళుగా ఆ పుస్తకం నా బల్లమీదే ఉంది. నాకు సిగ్గేసింది. ఆ వెంటనే, ఎందుకు దాచుకోవాలి, పట్టలేనంత సంబరమేసింది. పక్కనే నిలబడ్డ కనకరాజు కూడా విన్నాడు.

"గంట గుడ మోసుకపోవాల్నా సార్?"

"గంట కొట్టనిది సభెట్లా అవుతుంది కనకరాజూ?"

"అయితే సంకల పెట్టుకుంట. నడువుండ్రి, రేపు ఊరంత తిరిగొద్దం."

ఐదుగురిలో ఒకణ్ణి నేనే. ఇంకా నలుగురు కావాలి. జాబితా తీసి చూశాను. ఇద్దరు సభ్యులు నాగపూర్‌లో కాపురముంటున్నారు. ఒకాయన రిటైరై రెండేళ్ళయింది (అయినా రావడంలేదు కనుక ఏటా ఎన్నికవుతున్నారు). ఇంకొకరెవరో నాకూ తెలియదు, పేరు బాగుంది. తీసేయగా సరిగ్గా నలుగురే మిగిలారు. వారిలో ఒక్కరు కాదన్నా కథ ముగిసినట్టే.

ముప్పై ఒకటి, బుధవారం, పదకొండు గంటలకు హాల్లో కనకరాజు గంట కొట్టాడు. పది నిమిషాలు చూసి, సభాస్థలం అనుకూలంగా లేదని ప్రకటించాను (కారణం: సభ్యులు లేకపోవుట). నా స్కూటరు వెనక కనకరాజు, అతని సంకలో గంట, ఒళ్ళో రిజిస్టరు. సభ ఆ విధంగా గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో బొగ్గు గనుల ఊరు ఘుగ్గుస్ వైపు సాగింది. వెనక లూనామీద కమలాక్షిగారు. చర్చకు వచ్చిన వ్యక్తి సభకు ముప్పై అడుగుల లోపల ఉండరాదని నియమం కాబట్టి, ఆవిడ దూరం పాటిస్తూ మా దుమ్మంతా తిన్నారు.

సభాధ్యక్షులు ధోటే సర్ అర్థశాస్త్రం చెబుతారు. దేశ ఆర్థిక విధానం మారిందని తరగతిలో ఒక్కరోజే చెప్పి, మిగతా రోజుల్లో ఆచరించి చూపిస్తున్నారు. భార్య పేరుమీద ఆరు బొగ్గు లారీలు. మేం వెళ్ళేసరికి లారీలు తూచే కాటా దగ్గర గొడుగు కింద నిలబడి ఉన్నారు. నన్ను చూసి కంగారుపడ్డారు. (ఆయన మరాఠీలో అన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను.)

"ఏమైంది ఫణికుమార్? ఎవరైనా పోయారా?"

"లేదు సర్. ప్రతినిధి సభ జరుగుతోంది. మీరు అధ్యక్షత వహిస్తున్నారు."

"నేనా? ఎప్పటినుంచి?"

"మూడేళ్ళుగా సర్."

ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. కాలరు సర్దుకున్నారు. కనకరాజు గంట కొట్టాడు. కాటా గంట అనుకుని రెండు లారీలు ముందుకు కదిలాయి, వాటిని ఆపి సభ కొనసాగించాం. ధోటే సర్ తీర్మానం చదివి, మంచి అమ్మాయి, ఎప్పుడో కావలసింది అని కలం తీశారు. అంతలో ఆయన కన్ను రిజిస్టరులో పై వరుసమీద పడింది.

"స్థలం అన్నచోట ఏం రాస్తావు?"

"ఘుగ్గుస్, బొగ్గు కాటా, పన్నెండున్నర."

"పన్నెండున్నరకు నాకు బీకాం సెకండియర్ క్లాసుంది."

"ఉంది సర్."

కలం మూత పడింది. ముప్పై అడుగుల అవతల, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లూనా పట్టుకుని నిలబడ్డ కమలాక్షిగారికి ఇక్కడేం జరుగుతోందో తెలియదు, కనుక్కునే హక్కూ లేదు. అప్పుడు కనకరాజు కల్పించుకున్నాడు.

"ఊరి పేరెందుకు సార్? సారు ఎప్పటికుండే జాగల్నే ఉన్నడని రాయిండ్రి. అవద్ధం గాదు గద!"

ఆ మాటనే గౌరవప్రదమైన సంస్కృతంలోకి మార్చి, స్థలం: యథాస్థానం, అని రాశాను. ధోటే సర్ రెండుసార్లు చదువుకుని, నవ్వి, సంతకం పెట్టారు.

అక్కణ్ణుంచి సభ ఊరి శివార్లలోని దుర్గాపూర్ చేరింది. ఫిజిక్స్ అచ్యుతరావుగారు పవర్ హౌస్ క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో ట్యూషన్ చెబుతారు. నలభైమంది పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. అందులో సగం మా కళాశాల విద్యార్థులే, నాకు లేచి నమస్కారం పెట్టారు. కళాశాలకంటే అక్కడ హాజరు చాలా మెరుగ్గా ఉందని ఒప్పుకోవాలి. అచ్యుతరావుగారు సుద్దముక్క జేబులో వేసుకుని నన్ను పక్కకు లాగారు.

"ఒక్క సంతకమేంది ఫణీ, రెండు పెడ్త. గని ఈ పోరగాళ్ళ ముంగట సభ గిభ అని లొల్లి జెయ్యకు. ఎవలిది ఫైలు?"

"కమలాక్షిగారిది."

"ఆమె గింక టెంపరరీనా? అరె, పోయినేడు నా ఫిజిక్స్ ప్రాక్టికల్స్ గుడ ఆమెనే నడిపిచ్చింది గద!"

"నడిపించింది సార్. మీరు యథాస్థానంలో ఉన్నప్పుడు."

ఆయన సుద్ద వేళ్ళు చొక్కాకు తుడుచుకుని సంతకం పెట్టారు. తర్వాత సంతకం కింద పేరు కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. అంత శ్రద్ధగా ఆయన రాయడం నేనెప్పుడూ చూడలేదు.

మళ్ళీ ఊరు దాటి, విసాపూర్. లెక్కల రాజలింగుగారికి అక్కడ రెండువేల కోళ్ళున్నాయి. ఆయన తీర్మానానికి వెంటనే ఒప్పుకున్నారు, గంటకు మాత్రం ససేమిరా అన్నారు.

"నీ కాళ్ళు మొక్కుత కనకరాజూ, గది కొట్టకు! బెదిరితే వారం దినాలు గుడ్లు పెట్టయి."

"గంట గొట్టకుంటె సభ కాదట సార్. నాదేమున్నది, రూలు."

వాదోపవాదాల తర్వాత గంటను కనకరాజు తువ్వాలలో చుట్టి, గోనెసంచిలో పెట్టి, సంచిలో చెయ్యి దూర్చి కొట్టాం. "టుక్" అంది. నియమావళిలో గంట కొట్టాలని ఉంది గాని వినపడాలని లేదు. రాజలింగుగారు సంతకం పెట్టి, మేం వెళ్తుంటే కమలాక్షిగారిని కేకేసి పిలిచి డజను గుడ్లు కాగితంలో కట్టి ఇచ్చారు. ఆవిడ వద్దన్నా వినలేదు. "అయితది తియ్, పో బిడ్డా" అన్నారు.

నాలుగు సంతకాలు. సాయంత్రం నాలుగూ నలభై. తీర్మానంమీద సంతకం చేయాల్సిన ప్రిన్సిపాల్‌గారు ఐదింటికి కుర్చీలోంచి లేస్తారు. ఐదో సంతకం జయగారిది.

ఇంగ్లీషు జయగారు సభాస్థలానికి పన్నెండు అడుగుల దూరంలో, స్టాఫ్ రూములో, కిటికీ పక్క కుర్చీలో ఉంటారు. పాఠం లేనప్పుడల్లా అక్కడే స్వెటరు అల్లుతుంటారు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పన్నెండు అడుగులు వేయలేదు. ఘుగ్గుస్ వెళ్ళిరావడం దీనికంటే తేలికని నాకు ముందే తెలుసు, అందుకే ఆఖరికి ఉంచాను. సభను స్టాఫ్ రూములోకి మార్చాను. కనకరాజు గంట కొట్టాడు. ఆవిడ తలెత్తలేదు.

"నన్ను అడగకుండ మెంబర్ని చేసిన్రు. నాకు జరమొచ్చి ఇంట్ల పండుకున్న దినం చేసిన్రు. నేను ఒప్పుకోలె. ఇప్పుడు సంతకం పెడ్తే ఏడేండ్ల సంది ఒప్పుకున్నట్టే గద?"

న్యాయమైన మాట. మా సభ గురించి న్యాయమైన మాట వినడం అదే మొదటిసారి. వరండాలో, ముప్పై అడుగులు కొలుచుకుని, స్తంభం పక్కన కమలాక్షిగారు గుడ్ల పొట్లం పట్టుకుని నిలబడ్డారు. నెత్తిమీద, కనుబొమలమీద బొగ్గు దుమ్ము. జయగారు కిటికీలోంచి ఆవిడను కాసేపు చూశారు.

"ఎన్నేండ్లయింది ఆమె చేరి?"

"ఆరు."

"మీటింగుకు రమ్మని నన్ను ఎవలన్న అడిగిన్రా అంటే, ఈ పిల్లొక్కతే అడిగింది. నెలనెల వచ్చి అడిగింది. నేనే పోలె." ఊలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టారు. "ఇటియ్యండి. పెడ్త. గని నిరసనతో అని బ్రాకెట్‌ల రాస్త."

రిజిస్టరు అందుకుని అన్నట్టే సంతకం పెట్టారు. నేను ఉలిక్కిపడ్డాను. నిరసనతో పెట్టిన సంతకం కోరంలోకి వస్తుందా? నాలో కార్యదర్శి మేలుకుని పుస్తకం తెరిచాడు. ఏడో నియమం, ఎనిమిది, తొమ్మిది... ఎక్కడో ఉండే ఉంటుంది, లేకుండా ఎలా ఉంటుంది? వేలు పెట్టి వెతుకుతున్నాను. గోడ గడియారం పది తక్కువ ఐదు చూపిస్తోంది. కనకరాజు నన్ను చూశాడు, కిటికీ బయటికి చూశాడు, గంట ఎత్తి మూడుసార్లు ఘణఘణ కొట్టాడు.

"ఏంటది?"

"సభ ముగిసింది సార్. ముగిసినంక ఇగ రూలెందుకు? పుస్తకం ముయ్యిండ్రి."

మూశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళలో మొదటిసారి "వాయిదా" అన్న మాట లేకుండా ఒక పేజీ పూర్తయింది.

ప్రిన్సిపాల్‌గారు ఏ కాగితం చూసినా "బఘూ" అంటారు. మరాఠీలో చూద్దాం అని అర్థం. ఆయన చూద్దామన్న కాగితాన్ని తర్వాత ఎవరూ చూసి ఎరుగరు. మేం వెళ్ళేసరికి లేవబోతున్నారు. తీర్మానం అందుకుని, బ అనడానికి పెదవులు కలిపారు కూడా. అంతలో వరసగా ఉన్న యథాస్థానాలు కనిపించాయి.

"ఇదేమిటి?"

"స్థలాలు సర్. వివరంగా కావాలంటే విడిగా జతచేస్తాను. ఏ గంటకు ఎవరు ఎక్కడున్నదీ."

ఆయన నన్ను చూశారు, కనకరాజు బూట్లమీది బొగ్గు చూశారు, తర్వాత తన చెప్పుల వైపు చూసుకుని కాళ్ళు బల్ల కిందికి లాక్కున్నారు. వాటినిండా సిమెంటు ఉంది. ఎక్కడిదని మేం అడగలేదు. నాలుగూ యాభై ఎనిమిదికి సంతకం అయింది. బయట కమలాక్షిగారికి చెప్పగానే ఆవిడ అక్కడే మెట్లమీద కూలబడి ఒకటే నవ్వు. నవ్వుతూ నవ్వుతూ గుడ్లలో మూడు పగలగొట్టారు. ల్యాబులో నాచు సీసాలు అలాగే ఉండిపోయాయి.

కథ ఇక్కడితో అయిపోతే మాది మామూలు సంస్థ అయ్యేది. సెప్టెంబరు పదిన ధోటే సర్ అత్యవసర సర్వసభ్య సమావేశం పిలిచారు. అంశం: పదకొండో నియమం రద్దు. నలభై ఒక్కమందిలో నలభైమంది వచ్చారు. నాగపూర్ నుంచి ఇద్దరు తెల్లవారుజాము బస్సులో దిగారు. పేరు బాగున్నాయన కూడా వచ్చారు, మనిషీ బాగున్నారు. కుర్చీలు చాలక పెళ్ళిపందిళ్ళవాడి దగ్గర తెప్పించాం. జయగారు ఒక్కరే రాలేదు, స్వెటరు మెడ దగ్గరికొచ్చిందట. ప్రతినిధి సభ బొగ్గు దుమ్ములో, కోళ్ళ నడుమ జరగడం సంస్థ గౌరవానికి భంగమని ధోటే సర్ గద్గదంగా మాట్లాడారు. ఇకమీదట సభ హాల్లోనే జరగాలన్నారు. అచ్యుతరావుగారు బలపరిచారు. రాజలింగుగారు తల వంచుకుని బలపరిచారు.

కమలాక్షిగారు లేచారు. "బయట వరండల ఇంక ఏడుగురు నిలవడ్డరు సార్. అందరు గంటల లెక్కోళ్ళే. నియమం తీసేస్తే ఆళ్ళ ఫైళ్ళు ఎట్ల గావాలె?"

చాలా మంచి ప్రశ్న అని ధోటే సర్ మెచ్చుకుని నావైపు చూశారు. నేను పుస్తకం తిరగేసి ఉన్నదే చెప్పాను. కొత్తగా పర్మనెంటైనవారికి ప్రొబేషన్ రెండేళ్ళు. ఆ రెండేళ్ళు వారు సమావేశంలో మాట్లాడవచ్చు, వారి చెయ్యి మాత్రం లెక్కలోకి రాదు. వరండా వైపు కిటికీలో ఏడు తలలు కనిపిస్తున్నాయి. ధోటే సర్ అనుకూలురు చేతులెత్తమన్నారు. కమలాక్షిగారు రెండు చేతులూ కట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డారు. మిగిలిన చేతులన్నీ లేచాయి. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని నా కుడిచెయ్యి రాస్తోంది గనుక, నేను ఎడమచెయ్యి ఎత్తాను.